దాదాభాయి నౌరోజీ

దాదాభాయి నౌరోజీ 1825లో పేద పార్సీ కుటుంబమున జన్మించెను. నాలుగవ యేటనే తండ్రి గతింపగా తల్లి పట్టుదలతో చదివించెను. ఆయన బొంబాయిలో గణితాచార్యుడయ్యెను.

దేశము సుభిక్షముగా నున్నదని పాలకులు చెప్పుకొనుచుండగా, ఆయన వారి నివేదికలనే చేతబట్టెను. 1867-68లో పండినదానికిని తయారైనదానికిని విలువకట్టి జనసంఖ్యచే భాగించెను. తలకు ఏటికి వచ్చినది 20 రూపాయలు! మనిషి బ్రతుకుటకు ఎంత కావలెను? ఓడనెక్కు వలసకూలీలకు సర్కారు విధించిన బియ్యము, పప్పు, నూనె, ఉప్పులను కొలతగా గైకొనెను. వాని వెల సీమను బట్టి 16 మొదలు 35 రూపాయల వరకు తేలెను. చెరసాలల లెక్క మరింత చిత్రము. రేపల్లె సీమ చేరియుండిన మద్రాసు రాజధానిలో ఖైదీ కూటికిని గుడ్డకును అగు వ్యయము ఆ 20 రూపాయలకు రెట్టింపును మించెను. నేరమెరుగని రేపల్లె కూలివానికి ఆ సగటైనను దక్కెనా యనునది వేరుమాట.

ఈ లెక్కలను ఆయన 1876లో బొంబాయి సభలో చదివెను. 1892లో బ్రిటిషు పార్లమెంటు సభ్యుడై లండనులోను వినిపించెను. 1917లో 92వ యేట గతించెను.