120 మీటర్ల లోతుకు దారి వెతికిన జాక్ కూస్తో

మునిగిన ఓడల వద్దకు మనిషి స్వేచ్ఛగా ఈదుతూ వెళ్లవచ్చని లోకానికి చూపినవారిలో అగ్రగణ్యుడు ఫ్రెంచి నౌకాదళ అధికారి జాక్ కూస్తో. ఆయన 1910 జూన్ 11న జన్మించారు. విమాన చోదకుడు కావాలన్న ఆయన ఆశను కారు ప్రమాదం భగ్నం చేసింది. విరిగిన చేతులకు బలం చేకూరేందుకు మధ్యధరా సముద్రంలో ఈత మొదలుపెట్టిన ఆయనకు ఆ సముద్రమే జీవితమైంది.

1943లో ఇంజినీరు ఎమిల్ గాన్యాన్‌తో కలిసి ఆయన ఆక్వాలంగ్‌ను రూపొందించారు. యుద్ధకాలపు పెట్రోలు కొరత వల్ల కార్లను గ్యాసుతో నడిపేందుకు గాన్యాన్ తయారుచేసిన కవాటమే దానికి ఆధారం. ఈతగాడు శ్వాస పీల్చినప్పుడే, ఆ లోతులోని నీటి పీడనానికి సమానంగా గాలిని అందించడం దాని ప్రత్యేకత.

అయితే ఆ గాలికీ ఒక హద్దు ఉంది. లోతు పెరిగేకొద్దీ అందులోని నత్రజని మత్తులా పనిచేసి వివేకాన్ని హరిస్తుంది. 1947లో కూస్తో సహచరుడు మోరిస్ ఫార్గ్ మామూలు గాలితోనే దాదాపు 120 మీటర్లు దిగారు. తాడుకు కట్టిన పలకపై సంతకం చేశారు కానీ, ప్రాణాలతో తిరిగి రాలేదు.

1950లో పాత మైన్‌స్వీపర్ 'కాలిప్సో' కూస్తో చేతికి వచ్చింది. 1952 నుంచి మార్సెయ్ సమీపంలోని గ్రాన్ కాంగ్లూయే వద్ద ఆయన బృందం ప్రాచీన నౌకా శిథిలాల నుంచి మట్టి జాడీలను వెలికితీసింది. 1956లో ఆయన చిత్రం 'నిశ్శబ్ద ప్రపంచం' కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత పురస్కారం గెలుచుకుంది.

టైటానిక్ సోదర నౌక బ్రిటానిక్ మొదటి ప్రపంచ యుద్ధంలో ఆసుపత్రి ఓడగా సేవలందిస్తూ 1916 నవంబరు 21న గ్రీసులోని కేయా దీవి వద్ద మునిగిపోయింది. 30 మంది మరణించారు. 1975లో కూస్తో దాని జాడ కనుగొన్నారు. అది ఉన్నది దాదాపు 120 మీటర్ల లోతున, అంటే ఫార్గ్‌ను బలిగొన్న లోతులోనే. మరుసటి ఏడాది ఆయన బృందం హీలియం కలిపిన వాయు మిశ్రమంతో అక్కడికి దిగింది. అడుగున గడిపింది కొద్ది నిమిషాలే. శరీరంలో కరిగిన వాయువులు నెమ్మదిగా విడుదలయ్యేలా, మజిలీలు చేసుకుంటూ పైకి రావడానికే ఎక్కువ సమయం పట్టింది. ఫార్గ్ తిరిగిరాని లోతు నుంచి ఈసారి అందరూ తిరిగి వచ్చారు.

1996 జనవరిలో సింగపూర్ రేవులో కాలిప్సో కూడా మునిగిపోగా, తర్వాత దానిని పైకి తీశారు. 1997 జూన్ 25న పారిస్‌లో కూస్తో కన్నుమూశారు.