అభినవ భీముడు దండమూడి

బలప్రదర్శన అనగానే తెలుగువారికి కోడి రామ్మూర్తినాయుడు స్ఫురణకు వస్తారు. గుండెలపైకి ఏనుగును ఎక్కించుకున్న ఆ మల్లుని సాహసాలు జనుల నోట కథలై నిలిచాయి. బలాన్ని కిలోలలో తూచి, నియమాలకు లోబడి, దేశదేశాల వీరుల నడుమ నిరూపించుకోవలసిన కాలం ఆ తరువాత వచ్చింది. ఆ కాలానికి చెందినవారు దండమూడి రాజగోపాలరావు.

ఆయన 1916లో కృష్ణాజిల్లా ఉయ్యూరు సమీపాన గల గండిగుంటలో జన్మించారు. ఆనాడు ఆంధ్ర గ్రామసీమల్లో వ్యాయామమంటే దండీలు, బస్కీలు, కుస్తీ, గరిడీసాము. తెలంగాణ తాలింఖానాల్లోనూ ఇంచుమించు అదే పరిపాటి. కడ్డీకి ఇరువైపులా ఇనుప బిళ్లలు తొడిగి ఎత్తే బార్‌బెల్ విద్య తెలుగునాట ఇంకా కొత్త. రాజగోపాలరావు ఆ కొత్త విద్యనే సాధన చేసి, జాతీయ స్థాయిలో విజేతగా నిలిచారు.

నాటి పోటీలలో మూడు అంశాలుండేవి. నేలపైనున్న బరువును ఒక్క ఊపున తలపైకి లేపడం స్నాచ్. భుజాల వరకు ఒకసారి, అక్కడినుండి తలపైకి మరొకసారి, రెండు అంచెల్లో ఎత్తడం క్లీన్ అండ్ జెర్క్. భుజాలపై నిలిపిన బరువును మోకాళ్లు వంచక, కేవలం చేతుల సత్తువతో పైకి నెట్టడం ప్రెస్. పోటీదారులు నడుము వెనుకకు వంచి ఎత్తసాగడంతో తప్పొప్పులు తేల్చడం న్యాయనిర్ణేతలకు కష్టమై, 1972 ఒలింపిక్స్ తరువాత ప్రెస్‌ను తొలగించారు. వయసు పైబడేకొద్దీ ముందుగా సన్నగిల్లేది ఊపు, వేగం. నెమ్మదిగా నెట్టే సత్తువ అంత త్వరగా మనిషిని విడిచిపోదు.

1948 లండన్ ఒలింపిక్స్‌లో హెవీవెయిట్ విభాగంలో పాల్గొనేనాటికి ఆయనకు ముప్పై యేళ్లు దాటాయి. పతకం దక్కలేదు. సామాన్యులైతే అంతటితో బరువు దించేవారేమో! ఆయన దించలేదు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో కాంస్య పతకం గెలుచుకున్నారు.

1963లో వెలువడిన నర్తనశాల చిత్రంలో భీముని పాత్ర ఆయనను వరించింది. విరాటుని కొలువులో వంటవానిగా దాగిన భీముడు కీచకుని వధించే ఘట్టానికి వేషం మాత్రమే చాలదు, దేహం కావాలి. కీచకుడు ఎస్.వి. రంగారావు వంటి విగ్రహం గలవాడైనప్పుడు మరీ! నలభై యేళ్లు దాటిన రాజగోపాలరావు దేహం ఆ పరీక్షకు నిలిచింది. ఆ చిత్రం చూసినవారు భీముణ్ణి మరో రూపంలో ఊహించుకోలేకపోయారు.

ముదిమిలో బరువులు ఎత్తితే ఎముకలు విరుగుతాయని, గుండె ఆగుతుందని పెద్దలు భయపడేవారు. అయితే ముప్పయ్యో పడి దాటాక, వాడని కండ క్రమంగా కరుగుతుందని, అరవై దాటితే ఆ క్షయం వేగిరపడుతుందని వైద్యులు గుర్తించారు. 1990లో బోస్టన్‌లో సగటున తొంభై యేళ్ల వృద్ధులు కొందరిచేత ఎనిమిది వారాలపాటు కాళ్లతో బరువులు ఎత్తించగా, వారి కాళ్ల బలం రెట్టింపును మించింది.

ఈ ఫలితం చూసేందుకు రాజగోపాలరావు జీవించి లేరు. ఆయన 1981లో కన్నుమూశారు. విజయవాడలోని ఇండోర్ స్టేడియానికి ఆయన పేరు పెట్టారు.