భండారు అచ్చమాంబ

నేడు బాలికలు బడికి పోవుట వింత కాదు. గోదావరిఖని వంటి గనుల పట్టణములందును ఉదయముననే పుస్తకములు చేతబట్టి పాఠశాలలకేగు బాలికలు గుంపులుగా కన్పట్టుదురు. కాని నూట నలువది యేండ్ల క్రిందట ఆడుపిల్ల అక్షరములు నేర్చుటయే దోషమని పెద్దలు పలువురు తలచెడివారు. అట్టి దినములలో పట్టుదలతో చదువుకొని, కథలు వ్రాసి, స్త్రీల అభ్యున్నతికి పాటుపడిన విదుషీమణి భండారు అచ్చమాంబ.

ఈమె 1874లో కృష్ణా మండలమందలి పెనుగంచిప్రోలున జన్మించెను. బాల్యముననే తండ్రి గతించెను. పదవయేట వివాహమయ్యెను. భర్త మాధవరావు మధ్యపరగణాలలో ఉద్యోగి. తమ్ముడు కొమఱ్ఱాజు లక్ష్మణరావు అక్క యింటనే యుండి నాగపురమున చదువుకొనెను. అతడు పాఠములు చదువుచుండగా అచ్చమాంబ చెంత కూర్చుండి తెలుగును, హిందీని నేర్చెను. పిదప మరాఠీ మున్నగు భాషలను అభ్యసించెను. ఆమె యే బడికిని పోలేదు.

ఆమెకు కలిగిన బిడ్డలిద్దరును పసితనముననే మరణించిరి. ఆ దుఃఖమును దిగమ్రింగి, ఆమె అనాథ బాలలను చేరదీసి పెంచెను.

స్త్రీలు అబలలనియు, అవివేకులనియు, చదివినచో చెడిపోవుదురనియు ఆనాడు కొందరు వాదించుచుండిరి. ఆ వాదమును ఖండించుటకై ఆమె ప్రసిద్ధ స్త్రీల చరిత్రలను సేకరించి అబలా సచ్చరిత్ర రత్నమాలను రచించెను. అది 1901లో గ్రంథరూపమున వెలువడెను.

1902లో హిందూసుందరి పత్రికయందు ఆమె కథ ధనత్రయోదశి ప్రకటింపబడెను. లేమిచే బాధపడు భర్త పండుగ పూట పరధనమున కాశపడగా, భార్య విజయలక్ష్మి సమ్మతింపక అతనిని సన్మార్గమునకు మరల్చుట ఇందలి విషయము. భర్త మాటకు తలయూచుటయే భార్యకు ధర్మమని తలచు కాలమున, మంచిచెడ్డలను స్వయముగా విచారింపగల స్త్రీని అచ్చమాంబ పాఠకుల యెదుట నిలిపెను.

ఆ యేటనే ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలసి బందరున బృందావన స్త్రీ సమాజమును స్థాపించెను. 1905లో ప్లేగు రోగులకు సేవ చేయుచు, తానును ఆ వ్యాధికి లోనై బిలాసపురమున కన్నుమూసెను. అప్పటి కామెకు ముప్పది యేండ్లు మాత్రమే.

1910లో వెలువడిన గురజాడవారి దిద్దుబాటే తొలి తెలుగు కథానికయని చాలకాలము చెప్పుచు వచ్చిరి. చదువుకొన్న భార్య కమలిని భర్తను చక్కదిద్దుట ఆ కథలోని విషయము. దానికి ఎనిమిదేండ్లు ముందుగనే అచ్చమాంబ విజయలక్ష్మిని సృష్టించెను. కావున తొలి కథారచయిత్రి మాత్రమే కాక తొలి కథకురాలును ఆమెయేయని నేడు పరిశోధకులు పలువురు తలచుచున్నారు. తమ్ముని పాఠములు వినుచు అక్షరములు దిద్దుకొన్న ఆ బాలికను మన సాహిత్యము నేడు గౌరవముతో స్మరించుచున్నది.