రహీం సాబ్ కథ, ఖాళీ గ్యాలరీల కథ

2024లో అజయ్ దేవగణ్ నటించిన మైదాన్ సినిమా వచ్చింది. మన హాస్టల్లో చాలామంది ఓటీటీలో చూసే ఉంటారు. అందులో కోచ్ పాత్ర పేరు అడిగితే రహీం అని చెప్తారు, కానీ ఆయన మన హైదరాబాద్ స్కూల్ టీచర్ అని నాకు తెలిసినవాళ్లలో కొద్దిమందికే గుర్తుంది. పూర్తి పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆటగాళ్లు, అభిమానులు అందరూ పిలిచింది మాత్రం రహీం సాబ్ అనే.

ఆయన గురించి రాయడానికి నాకు ఇంకో కారణం కూడా ఉంది. ఇండియాలో ఫుట్‌బాల్ మ్యాచ్ అంటే ఖాళీ కుర్చీలే గుర్తొస్తున్నాయి. జనం ఎందుకు రావట్లేదు అని అడిగితే అందరూ చెప్పే జవాబు క్రికెట్. ఆ జవాబు సగమే నిజం అని నా అభిప్రాయం. మిగతా సగం రహీం సాబ్ జీవితంలో ఉంది.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో పుట్టారు. అప్పుడు అది నిజాం రాజ్యం. ఉస్మానియాలో చదువుకుంటూ యూనివర్సిటీ టీమ్‌కి ఆడారు, తర్వాత ఎలెవన్ హంటర్స్ అనే లోకల్ క్లబ్‌కి ఆడారు. డిగ్రీ అయ్యాక టీచర్ ఉద్యోగం. కాచిగూడ, చాదర్‌ఘాట్ లాంటి చోట్ల స్కూళ్లలో పనిచేశారు. తర్వాత ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో డిప్లొమా చేశారు. మన భాషలో చెప్పాలంటే పీఈటీ సార్.

మనం స్కూల్లో చూసిన పీఈటీ పీరియడ్ ఎలా ఉండేదో తెలుసు కదా. ఒక బాల్ విసిరేసి ఆడుకోండ్రా అని చెట్టు కింద కూర్చోవడం, లేదా ఆ పీరియడ్‌ని మ్యాథ్స్ సార్ లాగేసుకోవడం. రహీం సాబ్ పిల్లల ఆటనే ఒక సిలబస్‌లా మార్చేశారు. డ్రిబ్లింగ్ చేయకూడదు అనే రూల్‌తో టోర్నమెంట్లు పెట్టారు. బాల్ రాగానే పాస్ ఇచ్చేయాలి. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో మాత్రమే ఆడాలి అని ఇంకో రకం టోర్నమెంట్. గల్లీలో ఒక్కడే బాల్ పట్టుకుని పదిమందిని తప్పించుకుంటూ పోయే అలవాటు ఇలాంటి ఆటలతో తగ్గింది. రెండు కాళ్లూ పనిచేసే ఆటగాళ్లు తయారయ్యారు.

ఇక్కడ నాకు ముఖ్యంగా అనిపించేది వేరే ఉంది. అలాంటి టోర్నమెంట్ ఆడిన పిల్లలందరూ పెద్ద ఆటగాళ్లు అవ్వరు. వందమందిలో ఒకడు అవుతాడేమో. మిగతా తొంభై తొమ్మిది మంది ఏమవుతారు? వాళ్లు చూసేవాళ్లు అవుతారు. ఏ పాస్ కష్టమైందో, ఏ పరుగు తెలివైందో వాళ్లకి ఒంట్లో తెలుసు. గ్రౌండ్‌లో ఆడేవాడు తమ గల్లీ వాడో, తమ స్కూల్ వాడో. అతని కోసం టికెట్ కొంటారు, గొంతు పోయేదాకా అరుస్తారు. హైదరాబాద్ ఫుట్‌బాల్‌కి అప్పట్లో ఉన్న జనం ఆకాశం నుంచి ఊడిపడలేదు. స్కూళ్లు, గల్లీ గ్రౌండ్లు, లోకల్ లీగ్ కలిసి వాళ్లని తయారుచేశాయి.

1943లో ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ సెక్రటరీ అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ కోచ్ అయ్యారు. చనిపోయేవరకు రెండు పనులూ వదల్లేదు. ఒకవైపు లీగ్ నడపడం, ఇంకోవైపు టీమ్‌ని నడపడం.

సిటీ పోలీస్ టీమ్ రికార్డ్ చూస్తే మతిపోతుంది. బొంబాయిలో అప్పట్లో జరిగిన రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు గెలిచారు. మొదటి ఏడాదే డ్యూరాండ్ కప్‌లో కలకత్తా మోహన్ బగాన్‌ని ఓడించారు. అప్పటిదాకా ఇండియన్ ఫుట్‌బాల్ అంటే కలకత్తా. దక్షిణాది నుంచి ఒక పోలీస్ టీమ్ వచ్చి ఆ లెక్క తప్పించింది. హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956-57, 1957-58లో వరసగా సంతోష్ ట్రోఫీ కూడా గెలిచింది. దాని వెనకా ఆయనే.

తులసీదాస్ బలరాం గురించి ఒక్కమాట చెప్పాలి. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో పేద కుటుంబం. ప్రాక్టీస్‌కి ఊరు దాటి రావడానికి డబ్బుల్లేవు. రహీం సాబ్ సైకిల్ అద్దెకి తన జేబు నుంచి డబ్బులిచ్చి రమ్మన్నారు. ఆ కుర్రాడు తర్వాత దేశంలోనే గొప్ప ఫార్వర్డ్‌లలో ఒకడయ్యాడు, రెండు ఒలింపిక్స్ ఆడాడు. సైకిల్ అద్దె అంటే చిన్న విషయమే. కానీ టాలెంట్ ఉండి ఛార్జీలకి డబ్బుల్లేక ఆగిపోయినవాళ్లు మన జిల్లాలో ఎంతమందో మనకి తెలుసు.

ఇక ఇండియా కోచ్‌గా. 1951లో ఢిల్లీలో మొదటి ఏషియన్ గేమ్స్. ఫైనల్లో ఇరాన్‌ని 1-0తో కొట్టి గోల్డ్. నెహ్రూ గారు గ్యాలరీలో ఉన్నారు. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లేవియా చేతిలో 10-1. మనవాళ్లలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు, అక్కడ చలి. అంత దారుణంగా ఓడిన కోచ్ మళ్లీ లేవడం కష్టం. రహీం సాబ్ మాత్రం టీమ్‌కి బూట్లు అలవాటు చేశారు, పాత పద్ధతులు మార్చారు. సెంటర్ ఫార్వర్డ్‌ని కొంచెం వెనక్కి లాగి ఆడించడం ఆయనకి ఇష్టమైన ఎత్తు. మన రూమ్‌లలో మెస్సీ వీడియోలు చూస్తూ ఫాల్స్ నైన్ అని మాట్లాడుకుంటాం కదా, ఆ ఆలోచనకి దగ్గరి చుట్టం అది.

1956 మెల్‌బోర్న్‌లో ఫలితం వచ్చింది. ఆస్ట్రేలియాని వాళ్ల సొంత గడ్డ మీద, వాళ్ల జనం ముందు 4-2తో ఓడించారు. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనమే. చివరికి నాలుగో స్థానం. ఆ టీమ్‌లో బలరాం, తంగరాజ్, నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్ అందరూ హైదరాబాద్ వాళ్లే. 1960 రోమ్‌లో ఫ్రాన్స్‌తో 1-1 డ్రా. ఆ జట్టులో ఆయన సొంత కొడుకు హకీం కూడా ఉన్నాడు, కానీ మ్యాచ్‌లో దింపలేదు. ఈ ఒక్క విషయం చాలు ఆయన ఎలాంటి మనిషో అర్థం కావడానికి.

అసలు సంగతి 1962 జకార్తా. ఇండోనేషియా ప్రభుత్వం ఇజ్రాయెల్, తైవాన్ జట్లని రానివ్వలేదు. దాన్ని ఏషియన్ గేమ్స్ ఫెడరేషన్‌లో ఉన్న మన జి.డి. సోంధి తప్పుపట్టారు. దాంతో అక్కడి జనానికి ఇండియా అంటే మంట పుట్టింది. మన ఎంబసీ మీద దాడి జరిగింది. ఆటగాళ్లు బయట తిరగాలంటేనే భయం. సెప్టెంబర్ 4న సెనయన్ స్టేడియంలో దక్షిణ కొరియాతో ఫైనల్. సుమారు లక్షమంది జనం, దాదాపు అందరూ మనకి వ్యతిరేకం. మన జాతీయ గీతం వస్తున్నా ఆగని గోల.

ఒక టీమ్‌కి అంతకంటే నరకం ఉండదు. పైగా ఇదే కొరియా చేతిలో మొదటి మ్యాచ్‌లో 2-0తో ఓడిపోయి ఉన్నాం. డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని పక్కన పెట్టకుండా తీసుకెళ్లి ముందు ఫార్వర్డ్‌గా ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోల్, తలకి కట్టుతో ఆడిన జర్నైల్ ఇంకో గోల్. 2-1తో గోల్డ్ మనది. ఆ లక్షమందిలో మనకోసం అరిచినవాళ్లలో పాకిస్తాన్ హాకీ టీమ్ వాళ్లు ఉన్నారని ఆటగాళ్లు తర్వాత చాలాసార్లు గుర్తుచేసుకున్నారు.

కోచ్‌కి క్యాన్సర్. ఆ గెలుపు తర్వాత ఏడాది కూడా బతకలేదు. 1963 జూన్ 11న, 53 ఏళ్లకే వెళ్లిపోయారు. ఇండియాకి ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్‌లో ఇప్పటివరకు అదే చివరి గోల్డ్. ఒలింపిక్స్‌కి వెళ్లడం కూడా 1960తోనే ఆగిపోయింది.

ఆయన పోయిన వెంటనే హైదరాబాద్ గ్రౌండ్లు ఖాళీ అయిపోలేదు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. కానీ కింద కొత్త నీళ్లు ఊరడం తగ్గితే పైన ఉన్నది ఎంతకాలం ఉంటుంది? మన అనంతపురం వాళ్లకి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు. బోరు ఎండిపోవడం ఒక్కరోజులో జరగదు. మంచి ఆటగాళ్లు కలకత్తా క్లబ్బులకి వెళ్లారు. ఆ తర్వాత 1983 వరల్డ్ కప్, టీవీ, క్రికెట్ వచ్చాయి. అంటే క్రికెట్ వచ్చి జనాన్ని లాక్కుపోయే లోపే మనవైపు కట్ట తెగి ఉంది.

కలకత్తాలో క్రికెట్ లేదా? ఈడెన్ గార్డెన్స్ అక్కడే ఉంది. అయినా 1997 జూలైలో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌కి సాల్ట్ లేక్ స్టేడియానికి లక్షా 31 వేలమందికి పైగా వచ్చారు. అక్కడ క్లబ్ అనేది తాత నుంచి మనవడికి వచ్చే ఆస్తి. జనం ఎక్కువైతే అంతా మంచే అని నేను అనట్లేదు. 1980 ఆగస్టు 16న ఈడెన్‌లో ఇదే రెండు క్లబ్బుల మ్యాచ్‌లో జరిగిన గొడవలో 16 మంది ప్రాణాలు పోయాయి. అది కూడా గుర్తుపెట్టుకోవాలి.

మన వైపు వద్దాం. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్‌లోకి వచ్చింది. 2021-22లో ఛాంపియన్ అయ్యింది. చాలామందికి తెలియని విషయం ఏంటంటే కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే, గేట్లు మూసి ఆడారు. జనాన్ని అనుమతించింది ఫైనల్‌కే. అక్కడ కేరళ బ్లాస్టర్స్ పసుపు చొక్కాలు నిండిపోయాయి. పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి ఆపేసి గెలిపించాడు. రహీం సాబ్ ఊరి టీమ్ మళ్లీ వేరేవాళ్ల జనం మధ్యే గెలిచింది. ఐతే జకార్తా నుంచి వచ్చినవాళ్లకి ఇంట్లో ఒక లీగ్, గల్లీలు, స్కూళ్లు ఉన్నాయి. ఈ క్లబ్‌కి ఇంట్లో అంత లోతు లేదు. 2025లో అది ఢిల్లీకి మారిపోయింది, పేరు కూడా మారింది. ఒక ఛాంపియన్ టీమ్ ఊరు వదిలి వెళ్తుంటే ఊళ్లో పెద్దగా చప్పుడే లేదు. నాకు ఖాళీ కుర్చీలకంటే ఆ నిశ్శబ్దం ఎక్కువ బాధ అనిపించింది.

2018లో ముంబైలో ఇండియా 5-0తో గెలిచిన మ్యాచ్‌కి వచ్చింది 2,569 మంది. సునీల్ ఛెత్రీ వీడియో పెట్టి, తిట్టడానికైనా రండి అన్నట్టు బతిమాలాడు. తర్వాతి మ్యాచ్‌కి స్టేడియం నిండింది. బతిమాలితే ఒకరోజు వస్తారు. ప్రతివారం రావాలంటే గ్రౌండ్‌లో ఆడేవాడు మనవాడు అనిపించాలి.

మన క్యాంపస్‌లోనే చూడండి. రాత్రి పన్నెండున్నరకి రియల్ మాడ్రిడ్ మ్యాచ్ ఉంటే హాస్టల్ టీవీ రూమ్‌లో కాలు పెట్టే చోటుండదు. మొన్న మన కాలేజీ టీమ్ ఆడుతుంటే నేను లెక్కపెట్టాను, సబ్‌స్టిట్యూట్లతో కలిపి లైన్ బయట 23 మంది. అందులో ఇద్దరు వైఫై కోసం కూర్చున్నారు. మాడ్రిడ్‌లో మనల్ని ఎవరూ ఎరగరు. ఇక్కడ లెఫ్ట్ బ్యాక్ ఆడేవాడు మన ల్యాబ్ పార్ట్‌నర్.

అనంతపురంలో ఆర్డీటీ స్టేడియం ఉంది, అక్కడ మన జిల్లా పల్లెల నుంచి వచ్చిన అబ్బాయిలు, అమ్మాయిలు ఫుట్‌బాల్ నేర్చుకుంటున్నారు. 2024లో దులీప్ ట్రోఫీ జరిగినప్పుడు క్రికెటర్లని చూడటానికి మనవాళ్లు ఎగబడ్డారు. అంటే మన ఊరికి మ్యాచ్ చూసే ఓపిక, ఎండ తట్టుకునే శక్తి రెండూ ఉన్నాయి.

రహీం సాబ్ వాన కోసం ఎదురుచూడలేదు, చెరువు తవ్వుకున్నారు. మనం కోచ్‌లం కాకపోవచ్చు. కానీ జూనియర్స్‌కి ఎడమకాలి టోర్నమెంట్ ఒకటి పెట్టడానికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఒక బాల్, నాలుగు రాళ్లు, ఒక ఆదివారం సాయంత్రం చాలు. ఆడటం రానివాళ్లు గట్టు మీద నిలబడి పేరు పెట్టి అరవండి. ఆ అరుపు వినిపించినప్పుడు ఆడేవాడి పరుగు ఎలా మారుతుందో మీరే చూస్తారు.