పాత్రకు ప్రాణము పోసిన బళ్ళారి రాఘవ

ఆలంపురం నవబ్రహ్మ ఆలయాల చెంతకు చేరే తుంగభద్ర, అంతకుముందే హంపీ శిథిలాలను చూచి వస్తుంది. 1565లో ఆ విజయనగరం కూలిన కథను బళ్ళారి వాసి కోలాచలం శ్రీనివాసరావు నాటకంగా వ్రాసినారు. అందులో పఠాన్ రుస్తుం వేషం ధరించినవారు రాఘవ. వేషమని తెలిసికూడ జనం ఆవేశపడినారు. మతవైషమ్యాలు రేగునన్న భీతితో ఆంగ్ల ప్రభుత్వం ఆ నాటకాన్ని నిషేధించింది. లేని మనిషిని చూచి ప్రభుత్వం జంకడం చిత్రమే!

తాడిపత్రి రాఘవాచార్యులు 1880 ఆగస్టు 2న జన్మించినారు. ఆంధ్ర నాటక పితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు ఆయనకు మేనమామ. మదరాసులో న్యాయశాస్త్రం చదివి, బళ్ళారిలో న్యాయవాదిగా పేరు గడించినారు. పగలు న్యాయస్థానం, రాత్రి రంగస్థలం.

ఆనాటి నాటకమంటే పద్యాల పోటీ. రాగం దీర్ఘంగా సాగాలి, ప్రేక్షకుడు వన్స్‌మోర్ అనాలి. చనిపోయిన పాత్ర లేచి పద్యం మరల పాడి, మరల చనిపోయిన కథలు నేటికీ చెప్పుకుంటారు. అట్టిచోట దుఃఖానికి తావేది? రాఘవ పద్యాలను తగ్గించినారు. రాగానికి బదులు కంటిచూపు, మాట విరుపు, ఒక క్షణం మౌనం, వీటితోనే భావాన్ని పలికించినారు. సంగీతప్రియులకు ఇది నచ్చలేదు. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని పట్టుబట్టడం మరికొందరికి రుచించలేదు. రెండింటిలోను ఆయన వెనుదీయలేదు. 1927లో ‘దీనబంధు’ నాటకంలో ఆయన నటనను గాంధీజీ తిలకించినారు.

1939లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘రైతుబిడ్డ’ చిత్రంలో రాఘవ నర్సిరెడ్డి అనే రైతు అయినారు. జమీందారులు ఆగ్రహించినారు, ఆ చిత్రం కూడ కొన్నిచోట్ల నిషేధానికి గురి అయింది. కాని నాటకానికీ సినిమాకూ ఒక భేదమున్నది. రంగస్థలం మీది నటుడు సభలోని నిట్టూర్పు వింటాడు, దానినిబట్టి తన గొంతు మార్చుకొంటాడు. తెరమీది నర్సిరెడ్డికి ఆ నిట్టూర్పు వినబడదు.

ఆ వినికిడిని యంత్రానికి నేర్పాలన్నదే నేటి శాస్త్రజ్ఞుల యత్నం. రాఘవ రంగస్థలం మీద వెలుగుతున్న కాలంలోనే, 1924లో, జర్మనీలోని యేనా నగరంలో హాన్స్ బెర్గర్ మానవుని మెదడులోని విద్యుత్తరంగాలను తొలిసారిగా నమోదు చేసినాడు. ఆ తరంగాలనుండి చూచేవాని మనఃస్థితిని ఊహించి, తెరమీది కల్పిత పాత్రచేత బదులు పలికించాలని ఇప్పుడు పరిశోధనలు సాగుతున్నవి. మనిషి ఉద్విగ్నుడైనాడని తరంగం కొంతవరకు తెలుపవచ్చును. ఎందుకైనాడో తెలుపడం మిక్కిలి కష్టం. రాఘవకు ఆ ‘ఎందుకు’ తెలుసు, ఎదుట కూర్చున్నవారు ఆయన ఊరివారే కనుక.

1946 ఏప్రిల్ 16న ఆయన కన్నుమూసినారు. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రంలో చేరింది. తెలుగువారు మాత్రం ఆయనను ఆ ఊరి పేరుతోనే పిలుస్తున్నారు.