బాబాసాహెబ్ పరదేశ చదువు

బి.కాం. అయ్యాక విదేశానికి పోయి ఎం.బి.ఏ. చేయాలా, ఇక్కడే ఏదో ఒక ఉద్యోగం చూసుకోవాలా? దసరాకు దేవరగట్టు బన్ని ఉత్సవానికి ఊరికి పోయినా బంధువులు అడిగేది ఇదే. అప్పు ఎవరిస్తారు, తీర్చేదెట్లా, అంతవరకు ఇల్లు గడిచేదెట్లా? ఈ లెక్కలన్నీ వందేళ్ల కిందటే వేసుకున్నవారు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్. రాజ్యాంగ నిర్మాతగా ఆయన మనందరికీ తెలుసు. అర్థశాస్త్ర విద్యార్థిగా తెలిసింది తక్కువ. అందుకే ఆ భాగమే ఇక్కడ రాస్తున్నాము.

1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టిన ఆయన 1912లో బొంబాయిలో బి.ఏ. పూర్తి చేశారు. మరుసటి సంవత్సరం ఫిబ్రవరిలో తండ్రి రాంజీ చనిపోయారు. ఇంట్లో భార్య రమాబాయి, చంటిబిడ్డ. అప్పుడే బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ అమెరికా చదువుకు నెలకు 11.5 పౌండ్ల చొప్పున మూడేళ్లు స్కాలర్‌షిప్ ఇచ్చారు. చదువయ్యాక పదేళ్లు బరోడాలో కొలువు చేయాలని షరతు. సంతకం పెట్టి 1913లో న్యూయార్క్ చేరారు. కొలంబియాలో 1915లో ఎం.ఏ. పట్టా తీసుకొని, 1916లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. గడువు తీరడంతో 1917లో చదువు మధ్యలో ఆపి వెనక్కు రావలసి వచ్చింది.

కొలంబియా పట్టా ఉన్నా బరోడాలో ఉండటానికి గది దొరకలేదు. పార్సీ సత్రంలో పేరు మార్చుకొని దిగితే, సంగతి తెలిసి కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆఫీసులో ఫైళ్లు చేతికివ్వకుండా విసిరేవారు. బొంబాయికి తిరిగొచ్చి షేర్ల విషయంలో వ్యాపారులకు సలహాలిచ్చే చిన్న సంస్థ పెట్టారు. కులం తెలియగానే వచ్చేవాళ్లు రావడం మానేశారు. ఆదోని పత్తి మార్కెట్‌ను చూస్తూ పెరిగిన మనకు ఇది తొందరగానే అర్థమవుతుంది. వ్యాపారానికి తెలివి ఉంటే చాలదు, నమ్మి వచ్చే గిరాకీ కూడా కావాలి. ఆ గిరాకీని పట్టా తెచ్చిపెట్టలేదు. కన్సల్టెన్సీల కరపత్రాల్లో ఈ సంగతి ఉండదు!

1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కామర్స్ కాలేజీలో ప్రొఫెసర్ అయ్యారు. జీతం 450 రూపాయలు. అక్కడా ఆయన నీళ్ల కుండ ముట్టుకోవడానికి కొందరు తోటి అధ్యాపకులు అభ్యంతరపెట్టారు. అయినా ఆ రోజుల్లో అది మంచి జీతం. అది తాత్కాలిక ఉద్యోగమే అయినా, చేతిలో జీతం ఉన్నప్పుడు మళ్లీ చదువుకు పోవడం ఎంత కష్టమో ఇంటి బరువు మోసేవాళ్లకు తెలుసు. ఆయన పొదుపు చేశారు. కొల్హాపూర్ షాహు మహారాజు సాయం చేశారు. మిత్రుడు నావల్ భతేనా దగ్గర 5,000 రూపాయలు అప్పు తీసుకున్నారు. 1920లో మళ్లీ లండన్ బయలుదేరారు. ఈసారి ఏ సంస్థానానికీ కట్టుబడి పోలేదు. ఇక్కడ రమాబాయి గారి పేరు చెప్పకపోతే లెక్క తప్పుతుంది. ఆయన చదువు ఖర్చులో సగం ఆమె పస్తులే అని మా అభిప్రాయం.

లండన్‌లో బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయం మూసేదాకా కూర్చొని చదివేవారు. తిండికి డబ్బులు మిగిలేవి కావు. 1921లో ఎం.ఎస్సీ., 1923లో రూపాయి సమస్యపై రాసిన సిద్ధాంత గ్రంథానికి డి.ఎస్సీ. వచ్చాయి. బారిస్టర్ కూడా అయ్యారు.

తిరిగి వచ్చాక బొంబాయి హైకోర్టులో మొదట్లో కేసులు పెద్దగా రాలేదు. ఇల్లు గడవడానికి 1925 నుంచి 1928 వరకు బాట్లీబాయ్ అకౌంటెన్సీ శిక్షణ సంస్థలో వాణిజ్య చట్టం పాఠాలు చెప్పారు. ఆ మధ్యలోనే, 1927లో, మహద్ చెరువు నీళ్ల కోసం జనంతో కలిసి నడిచారు.