నిజాం గారి అమానత్

మన మహబూబ్‌నగర్ ఎవరి పేరు మోస్తున్నదో ఆ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కుమారులే మీర్ ఉస్మాన్ అలీఖాన్. 1886లో జన్మించినారు. 1911లో గద్దెనెక్కినారు. లోకంలో అంత ధనవంతుడు లేడని పేరు. ఒంటి మీద మాత్రం పాత షేర్వానీయే!

1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం స్థాపించి, పెద్ద చదువులను కూడా ఉర్దూలో చెప్పించినారు. ఉర్దూ పంతుళ్ళమైన మేము ఆ మేలు మరువలేము. అయితే జాగీర్ల కింద రైతులు పడిన బాధ, చివరి రోజుల్లో రజాకార్ల దౌర్జన్యం కూడా ఆయన పాలనలోనివే. వాటిని దాచి చరిత్ర చెప్పుకోవడం తగదు.

ఇక అసలు సంగతి. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. 17న హైదరాబాదు లొంగిపోయింది. ఆ కొద్ది రోజుల్లోనే లండన్ వెస్ట్‌మినిస్టర్ బ్యాంకులో ఉన్న రాజ్యం సొమ్ము, పది లక్షల పౌన్లకు పైచిలుకు, అక్కడి పాకిస్తాన్ హైకమిషనర్ రహీంతులా ఖాతాకు మారింది. మార్పించినది నిజాం మంత్రి మొయిన్ నవాజ్ జంగ్. కొద్ది రోజులకే నిజాం గారు, అది మా అనుమతితో జరగలేదు, తిరిగి ఇవ్వండి అని బ్యాంకును కోరినారు. బ్యాంకు ఇవ్వలేదు. దావా పడింది. పాకిస్తాన్ స్వతంత్ర రాజ్యం, దాని ఇష్టం లేనిదే ఇక్కడ విచారణ కుదరదని 1957లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. సొమ్ము బ్యాంకులోనే ఉండిపోయింది.

1963లో నిజాం గారు ఆ సొమ్మును ఇద్దరు మనుమల కోసం ట్రస్టుగా రాసినారు. 1967 ఫిబ్రవరి 24న కింగ్‌కోఠిలో కన్ను మూసినారు. ఒక్క పౌను చేతికి రాలేదు.

2013లో పాకిస్తానే దావాకు దిగడంతో విచారణకు దారి దొరికింది. 2019 అక్టోబరు 2న లండన్ హైకోర్టు తీర్పు చెప్పింది. రహీంతులా చేతిలో ఉన్నది నిజాం గారి అమానత్ మాత్రమేనని, అది మనుమలు ముకర్రంజా, ముఫఖంజాలకు, భారత ప్రభుత్వానికి చెందుతుందని దాని సారాంశం. పది లక్షలు అప్పటికి మూడున్నర కోట్ల పౌన్లయినవి. తీర్పు రాగానే మిగతా వారసులు మాకూ వాటా అన్నారు. 2020లో కోర్టు ఒప్పుకోలేదు.

నిజాం గారే ధర్మం కోసం ఒక ట్రస్టు పెట్టినారు. దాని సొమ్ముతో పంజాగుట్టలో ఎముకల ఆసుపత్రి లేచింది. అదే నేటి నిమ్స్. రాత సరిగా ఉన్న సొమ్ము రోగులకు మందైంది. రాత లేకుండా చేతులు మారిన సొమ్ము డెబ్బై ఒక్క ఏళ్ళు కోర్టు మెట్ల మీద కూర్చున్నది.

సోదరులారా, మన కోస్గిలో మసీదు స్థలమైనా, కబ్రస్తానమైనా, బీద పిల్లల ఫీజు నిధి అయినా అమానతే. ఎవరి పేర ఉన్నది, ఎవరి కోసం, ఏటేటా లెక్క ఎవరు చూపాలి? ఈ మూడు ముక్కలు మనము బ్రతికి ఉండగానే కాగితం మీద పెట్టుకుందాము. నమ్మకం ఉన్నదిలే అని ఊరుకుంటే రేపు మన పిల్లలు కచేరీల చుట్టూ తిరగవలసి వస్తుంది.